టీఎంసీలో దాగిన తొమ్మిదో ఎక్కం

ఆగస్టులో ఎగువన ఆలమట్టి, నారాయణపూర్ గేట్లు లేచాయంటే చాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో అందరి చూపూ కృష్ణ మీదే ఉంటుంది. పత్రికల్లో రోజూ ఒక చిన్న పట్టిక వస్తుంది. జూరాలకు ఎంత వరద, శ్రీశైలం ఎన్ని అడుగులు, నాగార్జునసాగర్‌లో ఎన్ని టీఎంసీలు అన్నది అందులో ఉంటుంది. గద్వాల బస్టాండులోనైనా, హాలియాలో ఎరువుల దుకాణం ముందైనా ముచ్చట ఆ అంకెల చుట్టే తిరుగుతుంది. బడి మొహం చూడని రైతు కూడా ‘సాగర్ల మూడొందలు దాటింది’ అంటాడు. మూడొందల తర్వాత టీఎంసీ అని చెప్పాల్సిన పని ఉండదు.

టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు. మన లెక్కలో వంద కోట్లు, అంటే ఒకటి పక్కన తొమ్మిది సున్నాలు. ఇంత గుండ్రటి సంఖ్యలో చూడడానికి ఏముంటుందనిపిస్తుంది. అదే నీటిని లీటర్లలోకి మార్చినప్పుడు వచ్చే సంఖ్య ఇదీ:

28,31,68,46,592

రెండు వేల ఎనిమిది వందల ముప్పై ఒక్క కోట్ల అరవై ఎనిమిది లక్షల నలభై ఆరు వేల ఐదు వందల తొంభై రెండు. ఇది ఉజ్జాయింపు కాదు. చివరి రెండు దాకా ప్రతి అంకే నిక్కచ్చి. దశాంశ బిందువు తర్వాత ఏమీ మిగలదు. అడుగు బ్రిటన్ నుంచి వచ్చిన కొలత, లీటరు ఫ్రాన్స్ నుంచి వచ్చిన కొలత. ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా పుట్టిన ఈ రెండింటి మధ్య లెక్క పూర్ణసంఖ్యగా తేలడం మామూలు విషయం కాదు. ఆ పదకొండంకెల సంఖ్యను విప్పి చూస్తే లోపల చాలా గణితం కనిపిస్తుంది.

దీనికి మూలం 1959 జులై 1న అమల్లోకి వచ్చిన ఒక అంతర్జాతీయ ఒప్పందం. అప్పటిదాకా అమెరికా అడుగు, బ్రిటన్ అడుగు ఒకటి కావు. తేడా వెంట్రుకవాసి కన్నా తక్కువే అయినా, తేడా తేడాయే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజం అంటే సరిగ్గా 0.9144 మీటరు అని తీర్మానించాయి. అందులో మూడోవంతు అడుగు, అంటే సరిగ్గా 0.3048 మీటరు. ఆ రోజు నుంచి అడుగుకు సొంత అస్తిత్వం లేదు, అది మీటరులో ఒక భాగం మాత్రమే. అమెరికా భూముల సర్వేలో మాత్రం పాత అడుగు 2022 చివరిదాకా చెలామణిలో ఉంది. ఆ అడుగుతో కొలిస్తే ఒక టీఎంసీకి సుమారు లక్షా డెబ్బై వేల లీటర్లు ఎక్కువ వస్తాయి, పైగా అది పూర్ణసంఖ్య కూడా కాదు.

నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్ 10న. మెట్రిక్ కొలతలను తెచ్చిన తూనికలు కొలతల చట్టం మన పార్లమెంటులో వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1956లో. అంటే సాగర్ అడుగుల కాలంలో పుట్టి మీటర్ల కాలంలో పెరిగింది. ఇప్పటికీ దాని నిండు మట్టం 590 అడుగులనే చెబుతాం, శ్రీశైలానిది 885 అడుగులంటాం. ఎగువన ఉన్న జూరాలను మాత్రం మీటర్లలో చెబుతారు. దాని పూర్తిస్థాయి నీటిమట్టం 318.516 మీటర్లని పత్రికలు రాస్తాయి. మూడు దశాంశాలతో ఈ వింత సంఖ్య ఎక్కడిదో తెలుసుకోవాలంటే దాన్ని 0.3048తో భాగించాలి. సరిగ్గా 1045 వస్తుంది, శేషం సున్నా. మీటర్ల చొక్కా తొడిగినా జూరాల కూడా లోపల అడుగుల ప్రాజెక్టే.

ఇప్పుడు ఆ పెద్ద సంఖ్యను విప్పుదాం. ఒక టీఎంసీ నీటిని గోడలు కట్టి ఘనంగా నిలబెడితే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వెయ్యి అడుగులే. వెయ్యి అడుగులంటే 304.8 మీటర్లు. సాగర్ డ్యాం ఎత్తు పునాది నుంచి 124 మీటర్ల చిల్లర. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఈ నీటి గోడ తలను అందుకోలేవు. 304.8 మీటర్లంటే 3048 డెసీమీటర్లు. ఒక డెసీమీటరు ఘనమే ఒక లీటరు. కాబట్టి ఒక టీఎంసీలోని లీటర్లు 3048 × 3048 × 3048. మన సంఖ్య ఒక సంపూర్ణ ఘనం. దీని ఘనమూలం 3048.

3048ని ప్రధాన సంఖ్యలుగా విడగొడితే మూడు రెళ్లు, ఒక మూడు, ఒక 127 వస్తాయి. 8 × 3 × 127. దాన్ని ఘనం చేస్తే మొత్తం సంఖ్యలో తొమ్మిది రెళ్లు, మూడు మూళ్లు, మూడు 127లు ఉంటాయి. ఇంకేమీ ఉండవు. ఏ పూర్ణసంఖ్యనైనా ప్రధాన సంఖ్యల గుణకారంగా ఒకే ఒక్క విధంగా విడగొట్టగలం. పదో తరగతి గణితంలో ‘వాస్తవ సంఖ్యలు’ పాఠంలో పిల్లలు చదివే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం ఇదే. ఆ సంఖ్య దేనితో భాగితమవుతుందో, దేనితో కాదో మొత్తం ఈ ముడిసరుకే తేల్చేస్తుంది.

ఒక టీఎంసీ లీటర్లను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు ఎన్ని? రెళ్లు సున్నా నుంచి తొమ్మిది దాకా పది రకాలుగా తీసుకోవచ్చు. మూళ్లు నాలుగు రకాలుగా, 127లు నాలుగు రకాలుగా తీసుకోవచ్చు. పది నాలుగులు నలభై, నలభై నాలుగులు 160. కచ్చితంగా 160 భాజకాలు. వాటిలో 5 లేదు. కాబట్టి ఐదుగురికి లీటర్ల లెక్కన సమంగా పంచలేం. పది మందికీ పంచలేం. ఏడుగురికి పంచితే ఆరు లీటర్లు మిగులుతాయి, పదకొండు మందికి పంచితే ఒక్క లీటరు మిగులుతుంది. అదే నీటిని ఘనపుటడుగుల్లో తీసుకుంటే లెక్క తిరగబడుతుంది. వంద కోట్లు అంటే తొమ్మిది రెళ్లు, తొమ్మిది ఐదులు. ఐదుగురికి హాయిగా పంచవచ్చు గానీ ముగ్గురికి పంచలేం. నీళ్లు మారలేదు, రిజర్వాయరు మారలేదు, కొలిచే పాత్ర మారింది, అంతే. భాగితమయ్యే గుణం నీటిది కాదు, సంఖ్యది.

ఇక 127 సంగతి. ఒక అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, కనుక ఐదు అంగుళాలు 127 మిల్లీమీటర్లు. అంగుళాన్నీ మీటరునూ కలిపే ప్రతి లెక్కలోనూ ఈ ప్రధాన సంఖ్య అడ్డు నిలుస్తుంది. లేత్ మిషన్ మీద పనిచేసే వాళ్లకు ఇది చేతికి తగిలే విషయం. పాత లేత్‌లలో లీడ్‌స్క్రూ మరలు అంగుళాల లెక్కలో ఉంటాయి. దాని మీద మిల్లీమీటర్ల మర కోయాలంటే గేర్ల వరసలో 127 పళ్ల చక్రం ఒకటి ఎక్కించాలి. అంత పెద్ద చక్రం ఎందుకు, చిన్న చిన్న గేర్లు రెండు మూడు కలిపి సర్దుకోవచ్చు కదా అంటే కుదరదు. 120 పళ్లు కావాలంటే 10, 12 లాంటివి కలిపి తెచ్చుకోవచ్చు. 127 ప్రధాన సంఖ్య, దాన్ని ముక్కలు చేయలేం. చిన్న చక్రాలతో దగ్గరదాకా రాగలం గానీ నిక్కచ్చిగా చేరలేం. ప్రధాన సంఖ్య అన్నది పుస్తకంలోని నిర్వచనమే అనుకునే పిల్లలకు ఆ ఇనుప చక్రాన్ని ఒకసారి చూపించాలి.

127కు ఇంకో వంశం కూడా ఉంది. చదరంగం గళ్లలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే మొదటి ఏడు గళ్లలో చేరే గింజలు సరిగ్గా 127. ఏడు రెళ్ల లబ్ధం 128లో ఒకటి తక్కువ. మొత్తం అరవై నాలుగు గళ్లకూ వచ్చే సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరవై అంకెల సంఖ్యను తెలుగువాళ్లు పద్యంలో బిగించి పెట్టుకున్నారు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ఆ పద్యం ప్రచారంలో ఉంది. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు అన్న భూతసంఖ్యల పద్ధతిలో ఒక్కో అంకెకు ఒక్కో పేరు పెట్టి, ఒకట్ల స్థానం నుంచి వెనక్కి చెప్పుకుంటూ పోతుంది. చదరంగంలో 64 గళ్లకు బదులు 63 ఉండి ఉంటే, ఆ మొత్తం 127తో నిశ్శేషంగా భాగితమయ్యేది. గళ్ల సంఖ్య ఏడుతో భాగితమైతేనే గింజల మొత్తం 127తో భాగితమవుతుంది. 63 ఏడుతో పోతుంది, 64 పోదు.

ఇలా రెళ్ల లబ్ధం కన్నా ఒకటి తక్కువగా ఉండే ప్రధాన సంఖ్యలను పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మారెన్ మెర్సెన్ పేరుతో పిలుస్తారు. 3, 7, 31, 127 మొదటి నాలుగు. నాలుగోదాన్ని 64తో హెచ్చిస్తే వచ్చే 8128ని గ్రీకులు పరిపూర్ణ సంఖ్య అన్నారు, ఎందుకంటే దాని భాజకాలన్నీ (అది తప్ప) కూడితే మళ్లీ 8128 వస్తుంది. 127 రెళ్లను హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చే 39 అంకెల సంఖ్య కూడా ప్రధానమేనని 1876లో ఎడ్వార్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త తేల్చాడు. యంత్రాలు లేకుండా చేతి లెక్కతో మనిషి నిరూపించిన అతిపెద్ద ప్రధాన సంఖ్య అదే. 1951 దాకా దాన్ని దాటినవాళ్లు లేరు. 2024 అక్టోబరులో ప్రకటించిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి.

మళ్లీ ఘనం దగ్గరికి వద్దాం. ఒక టీఎంసీ వెయ్యి అడుగుల ఘనమైతే, ఎనిమిది టీఎంసీలు రెండు వేల అడుగుల ఘనం, ఇరవై ఏడు టీఎంసీలు మూడు వేల అడుగుల ఘనం. ఉమ్మడి పాలమూరు అంచున నల్లమలలో ఉన్న శ్రీశైలం జలాశయం సామర్థ్యం 215.807 టీఎంసీలు. ఇంకో 0.193 టీఎంసీ ఉంటే 216 అయ్యేది, అంటే ఆరు వేల అడుగుల ఘనం. 216కు అందమైన గుణం ఉంది. 3, 4, 5ల ఘనాలు 27, 64, 125. మూడూ కలిపితే సరిగ్గా 216, అంటే 6 ఘనం. ఇది మన ఒక్క టీఎంసీకీ వర్తిస్తుంది, ఎందుకంటే 3048 ఆరుతో పోతుంది. భుజాలు 152.4 మీటర్లు, 203.2 మీటర్లు, 254 మీటర్లు ఉన్న మూడు ఘనాకారపు తొట్లు కడితే, ఒక టీఎంసీ నీళ్లు ఒక్క చుక్క మిగలకుండా, ఒక్క చుక్క తగ్గకుండా వాటిలో సరిపోతాయి.

మూడు తొట్లకు బదులు రెండే కడితే? భుజాల కొలత పూర్తి డెసీమీటర్లలో ఉండాలంటే అది ఎవరి వల్లా కాదు. ఒక ఘనాన్ని రెండు ఘనాల మొత్తంగా పూర్ణసంఖ్యల్లో రాయలేమని ఫెర్మా చెప్పాడు, ఘనాల విషయంలో నిరూపణకు దారి చూపినవాడు ఆయిలర్. కానీ చాలా దగ్గరగా రావచ్చు. ఎంత దగ్గరగా అన్నది రామానుజన్ పుణ్యమా అని ప్రపంచానికి తెలిసింది. లండన్ శివారు పుట్నీలో ఆస్పత్రిలో ఉన్న రామానుజన్‌ను చూడ్డానికి వచ్చిన హార్డీ, తాను ఎక్కిన టాక్సీ నంబరు 1729 చప్పగా ఉందన్నాడు. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ వెంటనే చెప్పాడు. పది ఘనం, తొమ్మిది ఘనం కలిపితే 1729. పన్నెండు ఘనం, ఒకటి ఘనం కలిపినా అంతే.

అడుగుకు పన్నెండు అంగుళాలు. కాబట్టి ఒక ఘనపుటడుగులో 1728 ఘనపుటంగుళాలు. రేకుతో మూడు డబ్బాలు చేయించి చూడవచ్చు. ఒకటి అడుగు భుజంతో, ఒకటి పది అంగుళాలతో, ఇంకోటి తొమ్మిది అంగుళాలతో. పెద్ద డబ్బా నిండా సాగర్ నీళ్లు పోసి చిన్నవాటిలోకి వంపితే పదంగుళాల డబ్బా నిండుతుంది, తొమ్మిదంగుళాల డబ్బా అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. తగ్గింది ఒకే ఒక్క ఘనపుటంగుళం, పదహారు మిల్లీలీటర్ల చిల్లర. ఇదే పనిని టీఎంసీ అంత పెద్దగా చేస్తే 254 మీటర్ల తొట్టి నిండి, 228.6 మీటర్ల తొట్టిలో సరిగ్గా 1,63,87,064 లీటర్లు తక్కువ పడతాయి. ఆ సంఖ్య కూడా ఘనమే, 254 ఘనం.

పంపకాల లెక్కల్లోనూ సంఖ్యల స్వభావం బయటపడుతుంది. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణలో 800 టీఎంసీలు, పునరుత్పత్తి జలాల కింద మరో 11 ఇచ్చింది. 811 ప్రధాన సంఖ్య. టీఎంసీలు పగలకుండా దాన్ని ఎంతమందికీ సమంగా పంచలేం. 2015లో తాత్కాలికంగా కుదిరిన ఏర్పాటులో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 అన్నారు. 299 అంటే 13 × 23. 512 అంటే తొమ్మిది రెళ్ల లబ్ధం, ఎనిమిది ఘనం. ఒక టీఎంసీని ఘనపుటడుగుల్లో, లీటర్లలో రాస్తే వచ్చే రెండు సంఖ్యలకూ ఉమ్మడిగా ఉండే అతిపెద్ద భాజకం కూడా 512 కావడం కాకతాళీయమే. అంకెల అందం వేరు, నీటి న్యాయం వేరు. రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని తేల్చే బాధ్యతను కేంద్రం 2023లో జస్టిస్ బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. పాలమూరు పొలాల దాహం ఎంతో, దానికి ఎన్ని టీఎంసీలు న్యాయమో చెప్పాల్సింది గణితం కాదు.

ఇక అసలు విశేషం. తెలంగాణలో భూమిని ఎకరాలు, గుంటల్లో చెబుతారు. పట్టాదారు పాసుపుస్తకంలో ఉండేది కూడా అదే. నలభై గుంటలు ఒక ఎకరం. గుంట అంటే 121 చదరపు గజాలు, 1089 చదరపు అడుగులు. 33 అడుగుల భుజం ఉన్న చతురస్రం. 66 అడుగుల సర్వే గొలుసును 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్లేయుడు తయారుచేశాడు. దాన్ని సగానికి మడిచి నాలుగు పక్కలా పరిస్తే వచ్చేది మన గుంట.

ఒక టీఎంసీ నీటిని అడుగు లోతున పరిస్తే ఎన్ని గుంటలు తడుస్తాయి? వంద కోట్లను 1089తో భాగించాలి. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ కొన్ని దశాంశాలు చూపి ఆగిపోతుంది కాబట్టి కాగితం మీద చేయడం మేలు. ఒకటి పక్కన నాలుగు సున్నాలు చేరేదాకా 1089 పోదు. పదివేలలో 9 సార్లు పోయి 199 మిగులుతుంది. సున్నా దించితే 1990, అందులో 1 సారి, మిగిలింది 901. 9010లో 8 సార్లు, శేషం 298. 2980లో 2 సార్లు, శేషం 802. 8020లో 7 సార్లు, శేషం 397. 3970లో 3 సార్లు. ఇలా చేసుకుంటూ పోతే వచ్చే జవాబు:

9,18,273.6455463728191000918273645546…

బిందువునూ కామాలనూ పక్కన పెట్టి రెండేసి అంకెలు విడదీసి చదవాలి. 9, 18, 27, 36, 45, 54, 63, 72, 81. తొమ్మిదో ఎక్కం! ఏ దొరా, ఏ ఇంజనీరూ కావాలని పెట్టింది కాదు. కృష్ణా నీటిని పాలమూరు గుంటలతో భాగిస్తే తొమ్మిదో ఎక్కం బయటికొస్తుంది.

కారణం చాలా సూటిగా ఉంటుంది. 33ను మూడుతో హెచ్చిస్తే 99. కాబట్టి 33 వర్గమైన 1089ని తొమ్మిదితో హెచ్చిస్తే 99 వర్గం, అంటే 9801 వస్తుంది. ఒకటిని 99తో భాగిస్తే 0.010101… అని ఒకే తీరుగా సాగుతుంది. దాన్ని మళ్లీ 99తో భాగిస్తే 0.0001020304… అని 1, 2, 3, 4 వరసగా దొర్లుకుంటూ వస్తాయి. ఒకటిని 1089తో భాగించడమంటే తొమ్మిదిని 9801తో భాగించడమే కనుక ఆ 1, 2, 3, 4లు ఒక్కొక్కటీ తొమ్మిదింతలై 9, 18, 27, 36గా మారతాయి.

ఎక్కం చివర 90 రావాల్సిన చోట 91 కనిపిస్తుంది, తర్వాత 00 వస్తుంది. తొమ్మిది పన్నెండ్లు 108, అది రెండంకెల్లో పట్టదు. అందులోని వంద ‘చేతిలో ఒకటి’గా ఎడమ పక్కకు పోతుంది. అక్కడున్న 99 దాంతో వందవుతుంది, రెండు సున్నాలు మిగిల్చి తన చేతిలోని ఒకటిని ఇంకా ఎడమనున్న 90కి ఇస్తుంది. అందుకే 91, 00. ఆ పైన మళ్లీ 09, 18, 27. ఇరవై రెండంకెల చుట్టు ఇలా ఎన్నటికీ తెగదు. 1089లో ఉన్నవి మూళ్లు, పదకొండ్లు. వంద కోట్లలో ఉన్నవి రెళ్లు, ఐదులు. ఒకదాన్ని ఒకటి కొట్టేసుకునే అవకాశమే లేదు కాబట్టి భాగహారం తెగదు. జూరాల మట్టం 318.516 దగ్గర చటుక్కున ఆగడానికి, గుంటల లెక్క ఆగకపోవడానికి తేడా ఇక్కడే ఉంది.

ఎకరాల్లోకి మారిస్తే 22,956.84 చిల్లర వస్తుంది. నలభైతో భాగించడం వల్ల ఎక్కం కనుమరుగైపోతుంది, కానీ ఇరవై రెండంకెల చుట్టు అలాగే ఉంటుంది. వరికి అడుగు నీళ్లు చాలవు కాబట్టి టీఎంసీకి అన్ని ఎకరాలు పారవు, అది రైతులందరికీ తెలిసిందే. క్యూసెక్కుల్లో, అంటే సెకనుకు పారే ఘనపుటడుగుల్లో చూస్తే, ఒక రోజంతా 11,574.074074… క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. రోజులోని 86,400 సెకన్లలో 27 దాగి ఉంది. 27ను 37తో హెచ్చిస్తే 999 వస్తుంది కనుక ఇక్కడ చుట్టు మూడంకెలదే.

ఇన్ని అంకెలు చూశాక ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. 28,31,68,46,592 నిర్వచనం నుంచి వచ్చిన సంఖ్య, అందుకే నిక్కచ్చి. రిజర్వాయర్‌లో నిల్వ అలా కాదు, అది కొలిచిన సంఖ్య. సాగర్ నిండు సామర్థ్యాన్ని పత్రికలు 312.0450 టీఎంసీలని నాలుగు దశాంశాలతో రాస్తాయి. నాలుగో దశాంశం విలువ లక్ష ఘనపుటడుగులు, అంటే 28 లక్షల లీటర్లకు పైనే. వినడానికి చాలా నీళ్లు. కానీ నిండిన సాగర్ 285 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంటుంది. ఆ 28 లక్షల లీటర్లను దాని మీద సమంగా పరిస్తే మందం మిల్లీమీటరులో వందో వంతు. గాలికి లేచే చిన్న అల కూడా దానికి వందల రెట్లు ఉంటుంది. ఏ స్కేలూ దాన్ని పట్టలేదు. ఆ దశాంశాలు మట్టాన్ని నిల్వలోకి మార్చే పట్టికలోంచి వచ్చినవి. ఆ పట్టిక కూడా ఎప్పటికీ ఒకేలా ఉండదు. సాగర్ కట్టినప్పుడు లెక్కగట్టిన సామర్థ్యం 408 టీఎంసీలు. పూడిక చేరాక ఇప్పుడు చెబుతున్నది 312. 590 అడుగుల గీత మాత్రం అక్కడే ఉంది.

తాగునీటి లెక్కలో మాత్రం ఆ పదకొండంకెల సంఖ్య నేరుగా మనిషి దగ్గరికి వస్తుంది. తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన నల్లగొండ పల్లెలకు కృష్ణా నీరంటే పంట కన్నా ముందు ప్రాణం. మిషన్ భగీరథలో గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క కట్టారు. ఏడాదికి 36,500 లీటర్లు. ఒక టీఎంసీని దాంతో భాగిస్తే 7,75,804 మందికి ఏడాది పొడవునా సరిపోయి, 592 లీటర్లు మిగులుతాయి. దారిలో ఆవిరి, లీకేజీ లేవనుకుంటేనే ఈ లెక్క.

పదో తరగతి మొదటి పాఠంలో ప్రధాన కారణాంకాలు, అంతమయ్యే దశాంశాలు, అంతంకాని ఆవర్తిత దశాంశాలు అన్నీ ఉన్నాయి. మన బడుల్లో ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఉదాహరణకు ఊరూపేరూ లేని సంఖ్యను తీసుకోకుండా, పిల్లలు ఇంట్లో రోజూ వినే టీఎంసీని బోర్డు మీద రాయాలి. నల్లగొండ బడిలో మూసీ ప్రాజెక్టు 4.46 టీఎంసీలను, గద్వాల బడిలో జూరాల 9.657 టీఎంసీలను గుంటల్లోకి, లీటర్లలోకి మార్చమనాలి. ఏది ఎక్కడ ఆగుతుందో, ఏది ఆగదో, ఎందుకో వాళ్లనే చెప్పనివ్వాలి.